మొహం కనపడని షాటు

మా స్టూడియోలో ఆమెను అందరూ ప్రార్థనమ్మ అంటారు. నేను మాత్రం అక్కా అంటాను. సొంత అక్క కాదు. ఇన్నేళ్ళు అద్దానికి అటు ఆమె, ఇటు నేను కూర్చున్నాక సొంతమో పరాయో ఎవడు చూడొచ్చాడు? ఆమె గొంతు ఎప్పుడు బొంగురుపోతుందో, ఎప్పుడు జలుబు చేయబోతుందో ఆమె కంటే ముందు నాకు తెలుస్తుంది. సౌండ్ ఇంజనీరును కాబట్టి నా చెవులు మంచివే. నోరే మంచిది కాదంటారు. అననీ.

మాది డబ్బింగ్ స్టూడియో. పేరు గొప్ప, ఊరు దిబ్బ. టైర్ల కొట్టు మీద మేడలో రెండు గదులు, మధ్య గోడలో అద్దం. ఒకదాంట్లో నేనూ నా మిషన్లూ. రెండోదాంట్లో మైకు, చిన్న తెర, శబ్దం మింగడానికి గోడలకు కొట్టిన పాత పరుపులు. కింద టైరు విప్పేవాడు సుత్తి తీశాడంటే పైన ప్రార్థన ఆపుకోవలసిందే. మాకు వచ్చే పనిలో ముప్పాతిక క్రైస్తవ సినిమాలు. ఎక్కడెక్కడినుంచో వస్తాయి. వాటికి తెలుగు మాటలు తొడిగి పంపిస్తే చర్చిల్లో తెర కట్టి వేసుకుంటారు, ఒకటో రెండో టీవీలో కూడా వస్తాయి.

ఆ సినిమాల కథలు నన్నడగండి. వాన పడిందంటే ఎవరో మోకాళ్ళ మీద పడబోతున్నారని అర్థం. ఆస్పత్రి వరండా వచ్చిందంటే లోపల పసిబిడ్డ ఉంటుంది. సొరుగు లాగితే అందులో దుమ్ము పట్టిన బైబిలు ఉంటుంది. కొడుకు ఇల్లు విడిచి పోతాడు, వాకిట్లో తండ్రి ఎదురు చూస్తుంటాడు. మొగుడు తాగుతాడు, పెళ్ళాం ప్రార్థిస్తుంది. కథ ముప్పాతిక అయ్యేసరికి ఎవరో ఒకరు ఆకాశంకేసి చూసి "ఎందుకు ప్రభువా" అని అరుస్తారు. ఆ ప్రశ్నకు పావుగంటలో జవాబు వచ్చేస్తుంది. బిడ్డ కళ్ళు తెరుస్తుంది, కొడుకు గేటు తీస్తాడు, మొగుడు సీసా పారబోస్తాడు. వెనకాల వయొలిన్.

వెక్కిరిస్తున్నాననుకోకండి. నాకు భక్తి అంతంత మాత్రమే గానీ, ఆ "ఎందుకు" దగ్గర మాత్రం ఇప్పటికీ మనసు బరువెక్కుతుంది. ఆ ఒక్కటీ కథ కాదు, అందరికీ ఉన్నదే. జవాబు దగ్గరే నాకు చిరాకు. జీవితంలో ఎవరికొచ్చింది అంత తొందరగా?

తెలుగులో ఆ "ఎందుకు ప్రభువా" చాలావరకు మా అక్కదే. మొదట్లో ఆమె ఏదో కీర్తన రికార్డింగులో పదిమందితో కలిసి పాడడానికి వచ్చింది. ఆ రోజే ఒక సినిమా పని ఆగిపోయి ఉంది, ఏడవవలసిన ఆమె రాలేదు. నోట్లో నాలుక లేనట్టు మూలన నిలబడ్డ ఈమెను చూసి, ఒకసారి ఏడుస్తావా అమ్మా అని అడిగాను. ఏడ్చింది. నేను మిషను ఆపడం మరిచిపోయాను. ఎక్కడ నేర్చుకున్నావంటే, దీనికి నేర్చుకునేదేముంది తమ్ముడూ అంది. అప్పటికి ఆమె ఇంటి సంగతి నాకు తెలియదు.

పనిలో ఆమెకు కొన్ని పద్ధతులున్నాయి. మైకు ముందుకు వెళ్ళేముందు గాజులు తీసి నా బల్లమీద పెడుతుంది, చెయ్యి కదిలితే చప్పుడొస్తుందని. గరగరలాడే బట్ట కట్టదు. ఏడుపులన్నీ చివరికి పెట్టుకుంటుంది, ముందే ఏడిస్తే గొంతు పోయి మిగతా మాటలు పాడవుతాయి కాబట్టి. "ఏడుపుకేం తొందర తమ్ముడూ, అది ఎక్కడికీ పోదు" అని నవ్వేది. ఆమె హాస్యం ఆ మాత్రమే.

ఆమె భర్త వెల్డరు. అక్క భర్త కాబట్టి నాకు బావ. పనిమంతుడు, అతను అతికించిన ఇనుము విరగడం నేను చూడలేదు. తాగుబోతు కూడా. సినిమాలో తాగుబోతు గంటన్నరలో మారిపోతాడు. మా బావ మారేసరికి ఒక్కగానొక్క కూతురు పెరిగి పెద్దదై, ఉద్యోగమని వేరే ఊరు వెళ్ళి, అక్కడే పెళ్ళి కూడా చేసుకుంది. అన్నాళ్ళూ అక్క పగలు స్టూడియోలో పరాయివాళ్ళ మొగుళ్ళ కోసం ప్రార్థించి, సాయంత్రం ఇంటికెళ్ళి సొంత మొగుడి కోసం ప్రార్థించేది. పరాయివాళ్ళు ఎప్పటికప్పుడు బాగుపడిపోయేవారు.

బావ చివరికి మారాడు. నిజంగానే మారాడు. ఆ మాట మింగకుండా చెప్పాలి. పనిలో ఎత్తునుంచి పడి ఆస్పత్రిలో ఉన్నప్పుడు పాస్టరుగారు రోజూ వచ్చి పక్కన కూర్చున్నారు. మందు మానేసిన కొత్తలో ఒళ్ళంతా వణికి పిచ్చి కేకలు పెడుతుంటే ఆయనే గట్టిగా పట్టుకున్నారు. వాంతులు కూడా ఎత్తిపోశారు. ఆ పెద్దమనిషి మీద నాకు కోపాలున్నాయి గానీ ఆ సంగతి మరిచిపోతే కళ్ళు పోతాయి. బావ ఆ తర్వాత సీసా ముట్టలేదు.

ముట్టకపోతే చాలు కదా. చాలలేదు. సాక్ష్యం మొదలైంది.

చర్చిలో నిలబడి, నేను ఇలాంటివాణ్ణి, దేవుడు నన్నిలా చేశాడు అని నలుగురి ముందు చెప్పడాన్ని సాక్ష్యం అంటారు. బావకు మంచి మాట ఉంది. ఎక్కడ ఆగాలో, ఎక్కడ గొంతు తగ్గించాలో ఎవరూ నేర్పకుండానే తెలుసు. తను భార్యను ఎలా కొట్టాడో చెప్తాడు, జనం కళ్ళొత్తుకుంటారు. ఆ కొట్టించుకున్న మనిషి మూడో వరసలో తల దించుకుని కూర్చుని ఉంటుంది. ఇతర ఊళ్ళ చర్చిలవాళ్ళూ పిలవడం మొదలుపెట్టారు. బయట పల్లకీల మోత. ఇంట్లో మాత్రం అక్క ఎప్పటిలా పొద్దున్నే లేచి వండి, బస్సెక్కి మా దగ్గరికొచ్చి గాజులు తీసేది. ఆమెను ఎవరూ సాక్ష్యం చెప్పమనలేదు.

ఆ సాక్ష్యంలో గట్టిది జ్వరం కథ. పిల్ల చిన్నప్పుడు ఒళ్ళు కాలిపోతుంటే బావను మందు తెమ్మని పంపింది అక్క. అతను మందు దుకాణానికి కాకుండా ఇంకో మందు దుకాణానికి వెళ్ళి మర్నాడు వచ్చాడు. వచ్చి చూస్తే తల్లి మంచం పక్కన మోకాళ్ళ మీద ఉంది, పిల్ల లేచి కూర్చుని ఉంది. "నేను తేని మందు దేవుడు తెచ్చాడు" అంటాడు బావ ఇక్కడ. నాలాంటివాడికే ఒళ్ళు జలదరిస్తుంది.

నిజం అక్క నాకొక మధ్యాహ్నం చెప్పింది, క్యారియరు ముందు పెట్టుకుని, మెతుకు ముట్టకుండా. దానికి ముందు ఆదివారం బావ కొత్త సంగతి ఒకటి సాక్ష్యంలో కలిపాడు. కూతురు చాలాకాలానికి ఇంటికొచ్చిందట. పక్కన కూర్చుని రెండుసార్లు అమ్మా అని పిలిచాడట. తల తిప్పలేదట. నా బిడ్డ గుండె రాయి అయిపోయింది, ఆమె కోసం ప్రార్థించండి అని కన్నీళ్ళు పెట్టుకున్నాడు. చర్చి అంతా లేచి ఆ పిల్ల రాతి గుండె కరగాలని ప్రార్థించింది. అక్క కూడా అందరితోపాటు కళ్ళు మూసుకోవలసి వచ్చింది.

గుండె రాయి కాలేదు. ఆ పిల్లకు ఒక చెవి వినపడదు.

జ్వరం ఊరికే వచ్చింది కాదు, చెవిలో చీము పట్టి వచ్చింది. మందు రాలేదు. జ్వరం తగ్గింది, నిజమే, కానీ చెవి పోయింది. తర్వాత డాక్టరు చూసి, కాస్త ముందు తేవలసింది అన్నాడట. అక్క అప్పుడే బావకు చెప్పింది. ఆ రోజుల్లో అతనికి చెప్పినా ఒకటే, గోడకు చెప్పినా ఒకటే. బుర్రలోకి ఎక్కలేదు. ఇంకో చెవితో నెట్టుకొస్తూ పిల్ల పెరిగింది. పిలిస్తే పలకనప్పుడల్లా పొగరు అని తిట్టాడు, ఒకటి రెండుసార్లు కొట్టాడు కూడా. అతను మానేశాక అక్క చెబుదామనుకుంది. పాస్టరుగారు తల్లీకూతుళ్ళకు ఒక మాట చెప్పి ఉంచారు. పాతవి తవ్వకండి, మానిన కొత్తలో మనిషి తట్టుకోలేడు, మళ్ళీ సీసా దగ్గరికే పోతాడని. సరే, కొత్త కదా అని ఊరుకుంది. కొత్త పాతబడింది గానీ ఆ మాట మాత్రం అలాగే ఉండిపోయింది. మింగలేదు, కక్కలేదు.

"పిల్లకి చెప్పావా, ఇలా నీకోసం ప్రార్థించారని?" అని అడిగాను.

"చెప్పాను. నవ్వింది" అంది అక్క. "నవ్వి, ఈసారి ఆ పక్కన కూర్చోవద్దని చెప్పమ్మా అంది. ఎలా చెప్పను తమ్ముడూ? అది చెప్పాలంటే అంతా చెప్పాలి."

నేను మంచి సలహా ఇచ్చే రకం కాదు. నోటికొచ్చినట్టు బావను తిట్టాను. అక్క అడ్డుపడలేదు, కలిసి తిట్టనూ లేదు. క్యారియరు మూత పెట్టి గదిలోకి వెళ్ళింది. ఆ రోజు ఒక సైనికుడి తల్లికి గొంతు ఇవ్వాలి.

ఇలా ఉండగా సినిమా వచ్చి పడింది. బావ సాక్ష్యాన్నే సినిమా తీస్తామన్నారు పాస్టరుగారు. చర్చిలోనే ఒక కుర్ర డైరెక్టరు ఉన్నాడు, పెళ్ళిళ్ళు తీసి తీసి చెయ్యి తిరిగినవాడు. బావ వేషం ఎవరో వేశారు, అక్క వేషానికి ఒక టీచరమ్మను పెట్టారు. ఆమె చూడడానికి బాగుంటుంది, మాట మాత్రం పీల. దాంతో డైరెక్టరుకు గొప్ప ఆలోచన తట్టింది. ఆ గొంతు అక్కే ఇస్తే? ప్రార్థనమ్మ కథకు ప్రార్థనమ్మ గొంతు. అందరూ చప్పట్లు కొట్టారు. కాదనడానికి అక్కకు కారణం దొరకలేదు, దొరికినా చెప్పగలిగింది కాదు.

స్క్రిప్టు నేను చదివాను. ఇన్నేళ్ళుగా పై దేశాలవాళ్ళు తీసినవన్నీ అందులో ఉన్నాయి. వాన ఉంది. సొరుగులో బైబిలు ఉంది. జ్వరం ఉంది, తెల్లారేసరికి గంతులేసే పిల్ల ఉంది. మొహం తిప్పుకునే కూతురు ఉంది. చివర భర్త పెళ్ళాం కాళ్ళ దగ్గర పడి ఏడుస్తాడు. ఆమె అనాలి: "నేను ఎప్పుడో క్షమించేశానండీ. ఆ రాత్రే దేవుడు మన బిడ్డను పూర్తిగా బాగుచేశాడు." అప్పుడు వయొలిన్. అది చదివి కాగితాలు బల్లమీదకి విసిరేశాను. విసిరితే ఏమవుతుంది, మళ్ళీ నేనే ఏరుకున్నాను.

డబ్బింగ్ సాఫీగా సాగింది. అక్క తన చిన్నతనాన్నీ, తన పెళ్ళినీ, తన దెబ్బలనూ టీచరమ్మ పెదాలకు సరిపోయేలా చెప్పుకుంటూ పోయింది. దెబ్బల సీను దగ్గర డైరెక్టరు, అక్కా ఇంకొంచెం గట్టిగా మూలగాలి అన్నాడు. అక్క మూలిగింది. నేను వాణ్ణి టీ తాగి రమ్మని బయటికి పంపించాను.

చివరి రోజున బావ, పాస్టరుగారు క్లైమాక్సు వినడానికి వచ్చారు. నా వెనకాల బెంచీమీద కూర్చున్నారు. బావ ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. పళ్ళు కూడా తెచ్చాడు మా అందరికీ. మనిషి సంతోషంగా ఉన్నాడు, అది చూస్తే నాకే ఏదోలా అయింది. ఈ మనిషి మళ్ళీ పడిపోతే? ఆ మాట అక్కకు ఎన్నిసార్లు తట్టి ఉంటుందో నాకప్పుడు అర్థమైంది. అద్దంలోంచి చూస్తే ఆమె అతన్నే చూస్తోంది. స్క్రిప్టులోని మాట అంటే ఒక అబద్ధం, అనకపోతే ఒక మనిషి పోతాడు. ఆమె ముందున్నది ఆ రెండే.

ఆ షాటు తెరమీదకి తెచ్చాను. భర్త ఏడుపు బాగా కనపడాలని డైరెక్టరు కెమెరాను భార్య వెనకాల పెట్టాడు. తెరంతా అతని మొహమే. ఆమెది వీపు, జడ, ఒక భుజం. అంతే.

మొదటిసారి అక్క మాట్లాడలేదు. షాటు వెళ్ళిపోయింది. వెనక్కి తిప్పాను. రెండోసారీ మాట్లాడలేదు. గొంతు పట్టేసిందేమో, నీళ్ళివ్వండి అన్నారు పాస్టరుగారు. అక్క తల అడ్డంగా ఊపి మైకులో నన్ను అడిగింది.

"తమ్ముడూ, ఇందులో ఆమె మొహం లేదు కదా?"

"లేదక్కా. వీపే."

"అయితే పెదాలతో పని లేదు."

మా వృత్తిలో ఇది అందరికీ తెలిసిందే. మొహం కనపడితే ఆ పెదాలు ఎలా కదిలితే మాట అలా పలకాలి, బానిసల్లాగా. మొహం కనపడకపోతే ఏ మాటైనా పెట్టవచ్చు, ఎంతసేపైనా పెట్టవచ్చు. డైరెక్టరు మొగుడి కన్నీళ్ళ కోసం కక్కుర్తిపడి పెళ్ళాం నోరు మా అక్కకు వదిలేశాడు. నాకు సంగతి అర్థమైంది. బెంచీ దగ్గరున్న స్పీకరును ఆపే మీట నా వేలి కిందే ఉంది. ఆపలేదు. షాటును మళ్ళీ మళ్ళీ తిరిగేలా పెట్టి రికార్డింగు నొక్కాను.

అక్క సినిమా గొంతుతో మాట్లాడలేదు. క్యారియరు ముందు కూర్చుని మాట్లాడే గొంతు అది.

"ఏమండీ, ఆ జ్వరం తగ్గింది. కానీ అది చెవిలో చీముతో వచ్చిన జ్వరం. మందు రాలేదు, పిల్లకి ఒక చెవి పోయింది. అప్పుడే చెప్పాను, మీకు ఎక్కలేదు. మీరు మానేశాక పాతవి తవ్వొద్దన్నారు పాస్టరుగారు, మళ్ళీ తాగుతారని నేనూ భయపడ్డాను. మొన్న మీరు పిలిస్తే అది పలకలేదని చర్చి అంతా ప్రార్థన చేసింది. దాని గుండె రాయి కాదండీ, దానికి వినపడలేదు. దేవుడు పూర్తిగా బాగుచేశాడని నేను అనను. అంటే ఆయన మీద అబద్ధం చెప్పినట్టు. మిమ్మల్ని క్షమించానో లేదో నాకింకా తెలీదు. తెలిసిన రోజు ఇంట్లో చెప్తాను, మైకులో కాదు."

తెరమీద వేషం కట్టినవాడు తిరిగి తిరిగి ఏడుస్తూనే ఉన్నాడు. బెంచీ చప్పుడైంది. బావ లేచి, ఎవరి మొహమూ చూడకుండా తలుపు తీసుకుని వెళ్ళిపోయాడు.

ఆ షాటు సంగతి ఇక్కడే చెప్పేస్తాను, తర్వాత చెప్పబుద్ధి కాదు. సినిమా విడుదలైంది. ఆ షాటులో మాట లేదు, వయొలిన్ కూడా లేదు. జ్వరం సీను పాస్టరుగారే తీయించేశారు. మధ్యలో సీను పోయి సినిమా కుంటిదైంది, డైరెక్టరు అలిగి నాతో మాట్లాడడం మానేశాడు. అడిగినవాళ్ళకు పాస్టరుగారు కారణం చెప్పలేదు.

కానీ ఆ పూట ఆయన మొహం పాలిపోయింది. అక్క గదిలోంచి బయటికి రాగానే నెమ్మదిగానే అడిగారు.

"ఇప్పుడాయన మళ్ళీ సీసా పట్టుకుంటే ఆ భారం ఎవరిది సిస్టరుగారూ?"

అక్క గాజులు తొడుక్కుంటోంది. తొడుక్కుంటూనే చెప్పింది.

"ఆయన పడిపోకుండా ఇన్నాళ్ళూ నేనే పట్టుకున్నాను అయ్యగారూ. చేతులు లాగేస్తున్నాయి. ఇక కాసేపు దేవుణ్ణి పట్టుకోమనండి."

ఆయన బెంచీమీద కూర్చుని, బావ తెచ్చిన పళ్ళ సంచీకేసి చూస్తూ ఉండిపోయారు. ఆయన తప్పని ఎలా అంటాను? వణుకుతున్న మనిషిని పట్టుకున్న చేతులవి. ఆయనకూ భయమే, అక్కకూ భయమే. ఇద్దరి భయమూ కలిసి ఆ పిల్ల చెవిని దాచిపెట్టింది.

వీధి మలుపులో బ్రాందీ షాపుంది. ఇంతవరకు దాని ఊసెత్తలేదు గానీ అందరి మనసులోనూ ఉన్నది అదే. నేను ముందు పరుగెత్తాను. ఆ కాసిని మెట్లు దిగేలోపు బావను ఎన్ని తిట్టానో, అతని కోసం ఎన్ని మొక్కుకున్నానో, రెండూ కలిసిపోయాయి. తాగకురా బాబూ అని పైకే అన్నాననుకుంటాను.

షాపు దాకా వెళ్ళక్కర్లేకపోయింది. బావ ఆఖరి మెట్టు మీద కూర్చుని ఉన్నాడు, పాత టైర్ల పక్కన. ఇస్త్రీ చొక్కాకు టైరు నల్లదనం అంటుకుంది. చేతిలో ఫోను ఉంది. అందులో కూతురి ఫొటో కనపడుతోంది, ఫోను మాత్రం చెయ్యలేదు. ఏడవడం లేదు. చర్చిలో అంత బాగా ఏడ్చే మనిషి రెప్ప కొట్టకుండా చూస్తున్నాడు. నేను పలకరించబోయి ఆగాను. నా వెనకాలే అక్క దిగి వచ్చింది. అతనికి రెండు మెట్లు పైన నిలబడింది.

టైర్లవాడి సుత్తి ఆగింది. బావ తల ఎత్తలేదు.

"ఏ చెవి?" అని అడిగాడు.

కూతురి గురించి అతను వందలమందికి చెప్పాడు. ఊరూరా నిలబడి ఏడ్చి చెప్పాడు. తాగుడు మానాక ఆ పిల్ల గురించి అక్కను అడిగిన మొదటి మాట మాత్రం అదే.

"ఎడమది" అంది అక్క. ఎవరెవరి నోళ్ళకో మాటలు అందించిన మనిషికి ఆ ఒక్క మాట కూడా తడబడకుండా రాలేదు.